హావ్‌లాక్‌లో డిన్నర్ డబ్బు ముందుగా కట్టకండి

పిల్లలూ పెద్దవాళ్ళూ కలిసి అండమాన్ వెళ్తున్నామని, అక్కడి హావ్‌లాక్ దీవిలోని రిసార్ట్ వాళ్ళు బ్రేక్‌ఫాస్ట్ ఒక్కటే ఉన్న సీపీ ప్లాన్, డిన్నర్ కూడా కలిపిన ఎంఏపీ ప్లాన్ రెండూ చెప్పారని, ఏది తీసుకోమంటారని అడిగారు. సీపీ తీసుకోండి. ఇందులో రెండో ఆలోచనే అక్కర్లేదు. మిగిలిన డబ్బుతో బజారుకి దగ్గర్లో మంచి రూమ్ చూసుకోండి.

మాకు ట్రావెల్ ఏజెంటు కట్టిన ప్యాకేజీలో డిన్నర్లన్నీ కలిపే ఉన్నాయి. "పెద్దావిడ ఉన్నారు కదండీ, రాత్రిపూట ఎక్కడ వెతుక్కుంటారు" అన్నాడు. మొదటి రాత్రి బఫేలో పన్నీర్ బటర్ మసాలా, దాల్ మఖనీ, గోబీ మంచూరియా, నూడుల్స్, వైట్ సాస్ పాస్తా పెట్టారు. డైనింగ్ హాల్లోకి సముద్రపు హోరు వినిపిస్తోంది. చివర్లో చేప వేపుడు కనబడితే మా అత్తయ్య ఆశగా ఒక ముక్క వేసుకుంది. కొరికి, పక్కన పెట్టేసింది. ఇదేం చేప అని సర్వర్ కుర్రాణ్ణి అడిగితే బాసా అన్నాడు. ఎక్కువగా వియత్నాంలో మెకాంగ్ నది నీళ్ళల్లో పెంచి, ముళ్ళు తీసి, గడ్డకట్టించి పంపే చేప అది. చుట్టూ సముద్రం ఉన్న చోట ఆ చేప పెట్టారంటే నాకు నిజంగా బాధేసింది.

దీనికి కారణం ఉంది. అక్కడ దొరికే చేప, కొబ్బరి, అరటి లాంటివి, కొన్ని కూరగాయలు తప్పిస్తే మిగతా సరుకు చాలావరకు చెన్నై, కలకత్తా, విశాఖ నుంచి ఓడల్లో వెయ్యి కిలోమీటర్లు దాటి పోర్ట్ బ్లెయిర్ చేరాలి (2024 నుంచి దాని పేరు శ్రీ విజయపురం). అక్కడ దించి, మళ్ళీ పడవెక్కిస్తే హావ్‌లాక్‌కి వస్తుంది. అంత దూరం వచ్చిన పన్నీరు ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. అయినా రిసార్ట్ వాళ్ళనే అని ఏం లాభం? మనవాళ్ళు ఎక్కడికి వెళ్ళినా ముందు పన్నీరుందా, మంచూరియా ఉందా అని అడిగితే వాళ్ళు అదే పెడతారు. పోర్ట్ బ్లెయిర్‌లో మమ్మల్ని జెట్టీకి తీసుకెళ్ళిన డ్రైవరు మనవాడే, వాళ్ళ తాత శ్రీకాకుళం నుంచి వెళ్ళి స్థిరపడ్డాడట. ఆ వైపు నుంచి వెళ్ళినవాళ్ళు అక్కడ చాలామంది ఉన్నారు. అతను ముందే చెప్పాడు: "ఏటమ్మా, సముద్రం మధ్యకొచ్చి పన్నీరు తింతారా? బజారుకెళ్ళి ఈ రోజు ఏ సేప వచ్చిందో అడగండి."

మర్నాడు సాయంత్రం అదే పని చేశాం. మూడో నంబరు బీచ్ దగ్గర గోవింద్‌నగర్ బజారు ఉంది. అక్కడ స్థిరపడ్డవాళ్ళు ఎక్కువగా బెంగాలీలు, దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబాలు. నాలుగు బల్లలున్న చిన్న భోజనం హోటల్లో కూర్చున్నాం. ఏం చేపలున్నాయని అడిగితే హోటలావిడ థర్మాకోల్ పెట్టె తెచ్చి మూత తీసింది. ఐసు మీద వంజరం, ట్యూనా, ఎర్రటి స్నాపర్. అత్తయ్య లేచి వెళ్ళి, వంజరం మొప్పలు ఎత్తి చూసి, వేలితో పొట్ట నొక్కి, ఇది చెయ్యమంది. ఈవిడకి హిందీ రాదు, ఆవిడకి తెలుగు రాదు. ఆవాలు, పచ్చిమిరపకాయలు కలిపి నూరిన ముద్దలో, ఆవనూనెతో వండి తెచ్చింది. స్టీలు పళ్ళెంలో అన్నం, పల్చటి ఎర్ర కందిపప్పు, సన్నగా తరిగిన బంగాళాదుంప వేపుడు. ఆవనూనె ఘాటు ముక్కుకి తగలగానే అత్తయ్య మొహం చిట్లించింది కానీ, ముక్క ఎలా ఉందంటే ముల్లు నుంచి రేకులు రేకులుగా విడిపోతోంది. చింతపండు లేదా అని చేత్తో సైగ చేస్తే, ఆవిడ లోపలికి వెళ్ళి పొట్లం తెచ్చి చూపించింది. మనవాళ్ళూ తమిళులూ అడుగుతారని ఉంచుతుందట. మర్నాడు మధ్యాహ్నం పులుసు పెట్టింది. పిల్లలు కూడా మారు వడ్డించుకున్నారు. ఆ తర్వాత మేము రిసార్ట్ డిన్నర్ ముట్టుకోలేదు. తినని పూటలకి తగ్గించమంటే కుదరదన్నారు.

అదే రిసార్ట్‌లో ఒక మధ్యాహ్నం విడిగా ఆర్డర్ ఇస్తే బిల్లులో సర్వీస్ చార్జ్ కలిపారు. అది మన ఇష్టం, తప్పనిసరి కాదు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలోనే బిల్లులో దానంతటదే కలపకూడదని చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా దాన్ని సమర్థించింది. తీసెయ్యమని అడగండి, మేము అడిగితే తీసేశారు. అలాగే పీతలూ రొయ్యలూ కాల్చి పెట్టే చోట ముందు తూకం వేయించి, మొత్తం ఎంతవుతుందో తెలుసుకున్నాకే వండమనండి. కిలో రేటు ఒక్కటే విని తలూపితే చివర్లో టెన్షన్ తప్పదు.

రూమ్ బజారు దగ్గర ఎందుకంటున్నానంటే, అక్కడ చాలా తొందరగా చీకటి పడుతుంది. అండమాన్ మనకన్నా బాగా తూర్పున ఉన్నా గడియారం మాత్రం మనదే, డిసెంబరులో ఐదింటికల్లా పొద్దుగుంకుతుంది. ఏడింటికి రోడ్డు మీద అలికిడి ఉండదు, ఆటో దొరకడం కష్టం. రాధానగర్ బీచ్ ఎంత బాగున్నా హావ్‌లాక్ జెట్టీకి పన్నెండు కిలోమీటర్ల దూరం. ఆ పక్కన రూమ్ తీసుకుంటే రాత్రి వాళ్ళు పెట్టిందే తినాలి. పగలు వెళ్ళి సాయంత్రం సూర్యాస్తమయం చూసి తిరిగి రండి, చాలు. రూమ్ తీసుకునే ముందు ఇంకొకటి అడగండి: కరెంటు పోతే జనరేటర్ మీద ఏసీ నడుస్తుందా, ఫ్యాను వరకేనా? పెద్దవాళ్ళతో వెళ్తే సీ వ్యూ కన్నా అది ముఖ్యం.

మీలో శాకాహారులుంటే మధ్యాహ్నమే బజారులో చెప్పి ఉంచండి, పప్పు, కూర విడిగా చేసి పెడతారు. పక్కనున్న నీల్ ద్వీపాన్ని అండమాన్ కూరగాయల బుట్ట అంటారు, అక్కడి వంకాయో సొరకాయో ఏదో ఒకటి దొరుకుతుంది. ఇక జోరున వాన పడి కదలలేని రాత్రి వస్తే, ఆ పూటకి డబ్బు కట్టి రిసార్ట్ బఫేలోనే తినొచ్చు. మనిషికి ఎంతో బుక్ చేసేటప్పుడే అడిగి రాసి పెట్టుకోండి. ఈ వీలుందని మా ఏజెంటు ఒక్కసారి కూడా చెప్పలేదు, మీ ఏజెంటు కూడా చెప్పడు.