తెరచాప పడవలో జంజీరా కోటకి

ప్రశ్న: మేం నలుగురం స్నేహితులం. డిసెంబర్‌లో మహారాష్ట్రలోని మురుద్ జంజీరా కోటకి వెళ్దామనుకుంటున్నాం. సముద్రం మధ్యలో ఉంటుందట, తెరచాప పడవలో తీసుకెళ్తారట. మాలో ఒకడికి ఈత రాదు, ఇప్పటినుంచే టెన్షన్ పడుతున్నాడు. ఇంకొకడు ‘అంత దూరం వెళ్ళి చూసేది రాళ్ళే కదా’ అంటున్నాడు. ఏమంటారు?
– ఒక పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: వెళ్ళండి. డిసెంబర్ అన్నారు కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. మనకి తుపాన్ల గుబులు అక్టోబర్, నవంబర్‌లలో ఉంటే, కొంకణ్ తీరంలో జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి రుతుపవనాలకి సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది, ఆ నెలల్లో కోటకి పడవలు నడవవు.

ఈత రాని మీవాడికి ఒక మాట చెప్పండి. మురుద్ దగ్గరి రాజపురి రేవు నుంచి కోట దాకా దూరం కొంచెమే, తెరచాపకి గాలి తగిలితే పడవ హాయిగా సాగిపోతుంది, అసలు జాగ్రత్త కావాల్సింది దిగేటప్పుడు. కోట గోడలు నీళ్ళలోంచే లేస్తాయి, ఇసుక ఒడ్డంటూ ఉండదు, అలకి పడవ లేస్తూ పడుతూ ఉంటే మనం పాచి పట్టిన రాతిమెట్టు మీదకి కాలు పెట్టాలి. పడవ పైకి లేచినప్పుడు అడుగు వెయ్యాలి, కిందికి జారేటప్పుడు వేశారో పట్టు తప్పుతుంది. పడవవాడు చెయ్యి అందించేదాకా ఎవరూ లేవద్దు. హవాయి చెప్పులు వద్దు, లైఫ్ జాకెట్ అడిగి మరీ వేసుకోండి. ఇంకోటి, ఆర్కే బీచ్‌లో ఆటుపోట్లని మనం పెద్దగా పట్టించుకోం గానీ అటువైపు తేడా బాగా ఎక్కువ, అమావాస్యకీ పౌర్ణమికీ మరీను. పొద్దున కనిపించిన మెట్లు మధ్యాహ్నానికి మునిగిపోవచ్చు. అందుకే ఏ టైముకి బయల్దేరితే మంచిదో రేవులోనే కనుక్కోండి.

ఇక ‘రాళ్ళే కదా’ బ్యాచ్. ప్రతి గుంపులో ఇలాంటివాడు ఒకడుంటాడు, సింహాచలం తీసుకెళ్ళినా అదే అంటాడు! పడవలోంచి ఆయన్ని కోట గుమ్మం ఎక్కడుందో వెతకమనండి. బురుజుల మధ్య దాక్కుని ఉంటుంది, బాగా దగ్గరికి వెళ్ళేదాకా మామూలు గోడలాగే కనిపిస్తుంది. గుమ్మం దగ్గర రాతిలో ఒక మృగం ఏనుగుల్ని గోళ్ళకింద అదిమిపట్టి ఉంటుంది, దాన్ని నిలబడి చూడాల్సిందే. లోపల ‘కలాల్ బాంగ్డీ’ అనే భారీ ఫిరంగి ఉంది, ఫొటోలన్నీ దానితోనే దిగుతారు. నన్నడిగితే అంతకన్నా గొప్పవి మంచినీటి చెరువులు. చుట్టూ ఉప్పునీళ్ళు, మధ్యలో తాగునీళ్ళు! ఎన్నాళ్ళు ముట్టడించినా లోపలివాళ్ళు దాహంతో లొంగిపోయే పని లేదు. శివాజీ కొడుకు శంభాజీ 1682లో కోట మీదికి వచ్చి, ఒడ్డు నుంచి సముద్రంలో రాళ్ళు పోయించి దారి వేయబోయాడు, అయినా దక్కలేదు. దీనికి పోటీగా శివాజీ కట్టించిన పద్మదుర్గం కోట కూడా అక్కడినుంచి కనిపిస్తుంది. జంజీరాని ఏలినవాళ్ళు ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు, వాళ్ళ సంస్థానం 1948లో భారత్‌లో కలిసేదాకా నడిచింది.

ప్రశ్న: విశాఖ నుంచి ఎలా వెళ్ళాలి? – అదే పాఠకుడు

జవాబు: ముంబై లోకమాన్య తిలక్ టెర్మినస్‌కి రైలుంది. గేట్‌వే ఆఫ్ ఇండియా నుంచి మాండ్వాకి లాంచీ ఎక్కండి, అక్కణ్ణుంచి అలీబాగ్ మీదుగా రోడ్డున మురుద్. కోటలో తిరగడానికి పడవవాళ్ళు ఇచ్చే టైమ్ తక్కువే, ఎక్కకముందే ఎంతసేపో మాట్లాడుకోండి. మంచినీళ్ళ సీసాలు రేవులోనే కొనుక్కోండి. చెరువులున్నాయన్నాను కదా అని ఆ నీళ్ళు తాగేరు!