యూరిక్ యాసిడ్ 7.8 అని పప్పు మానేయకండి, ముందు ఇవి చూసుకోండి

తమ్ముడూ, నీకు 36 ఏళ్లు, హెల్త్ చెకప్‌లో యూరిక్ యాసిడ్ 7.8 వచ్చింది, ఇంతవరకూ ఏ నొప్పీ లేదు, నాన్నగారికి గౌట్ (యూరిక్ యాసిడ్ కీళ్లలో పేరుకుని వచ్చే నొప్పి, వాపు) ఉంది కాబట్టి నీకూ తప్పదేమోనని టెన్షన్ పడి పప్పు, టమాటా, పాలకూర మానేశానని రాశావు. మాది గాజువాక. నాకు గౌట్ మొదలై ఏడేళ్లయింది.

ముందు పప్పు తినడం మొదలుపెట్టు. పప్పుల్లో, ఆకుకూరల్లో ప్యూరిన్లు (ఒంట్లో యూరిక్ యాసిడ్‌గా మారే పదార్థాలు) ఉన్నమాట నిజమే, కానీ వాటివల్ల గౌట్ ముప్పు పెరిగినట్టు పరిశోధనల్లో కనిపించలేదు. పెంచేవి వేరే ఉన్నాయి: మేక మాంసం, అందులోనూ లివర్, కిడ్నీలు, నెత్తళ్లు, కవళ్లు లాంటి చేపలు, బీరు, చక్కెర వేసిన కూల్‌డ్రింకులు.

నాకు వచ్చింది మే నెలలో. ఆదివారం ఫిషింగ్ హార్బర్ నుంచి నెత్తళ్లు, రొయ్యలు తెచ్చుకున్నాం, సాయంత్రం స్నేహితులతో రెండు బీర్లు. రాత్రి రెండింటికి కుడికాలి బొటనవేలు కాలిపోతున్నట్టు మెలకువ వచ్చింది. పల్చటి దుప్పటి తగిలినా ప్రాణం పోయినట్టుండేది. దగ్గర్లోని క్లినిక్‌లో ఆ రోజే రక్తపరీక్ష చేస్తే 6.4 వచ్చింది, గౌట్ కాదు, బెణికిందన్నారు. నొప్పి ఉన్న రోజుల్లో యూరిక్ యాసిడ్ మామూలుగా కనిపించవచ్చని నాకు అప్పుడు తెలియదు. మూడు వారాల తర్వాత మళ్లీ చేయిస్తే 8.9.

నేనూ నెత్తళ్లనే తిట్టుకున్నాను. కానీ కీళ్ల డాక్టరుగారు నా బీపీ మాత్రల స్ట్రిప్ తీసుకురమ్మన్నారు. అంతకు మూడు నెలల ముందు మార్చిన ఆ మాత్రలో హైడ్రోక్లోరోథయజైడ్ ఉంది. అంటే మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందు. నీళ్లు పోతాయి గానీ యూరిక్ యాసిడ్ లోపలే ఉండిపోతుంది. శరీరం వదిలించుకునే యూరిక్ యాసిడ్‌లో మూడింట రెండొంతులు కిడ్నీలే బయటికి పంపాలి. గౌట్ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి అసలు లోపం అక్కడే, తినడంలో కాదు. కిడ్నీలు ఎంత బాగా పంపిస్తాయన్నది చాలావరకు పుట్టుకతో వచ్చేదే. మా నాన్న కూడా ఇరవై ఏళ్లు అదే వేలు పట్టుకుని కూర్చునేవారు, ఇంట్లో అందరం వాతం అనుకునేవాళ్లం. అది గౌట్ అని అప్పుడే ఎవరైనా విడమరిచి చెప్పి ఉంటే ఆయన అంత బాధపడేవారు కాదని ఇప్పటికీ అనిపిస్తుంది.

అంటే నాకు వంశం, 88 కిలోల బరువు, బీపీ, ఆ మాత్ర, వేడి దగ్గర ఎనిమిది గంటలు చెమటోడ్చి సరిగ్గా నీళ్లు తాగని ఉద్యోగం, ఇవన్నీ ముందే పోగుపడి ఉన్నాయి. ఆ ఆదివారం వాటి మీద పడింది, అంతే. డాక్టరుగారు ఆ మాత్ర తీసేసి లోసార్టాన్ అనే ఇంకో బీపీ మాత్ర ఇచ్చారు, అది యూరిక్ యాసిడ్‌ను కొంచెం తగ్గిస్తుంది కూడా. ఆడవాళ్లకు నెలసరి ఆగేదాకా ఈస్ట్రోజెన్ హార్మోన్ కొంత కాపాడుతుంది, మా అమ్మకు గౌట్ 63 ఏళ్ల వయసులో వచ్చింది.

ఇక నీ సంగతి. యూరిక్ యాసిడ్ 6.8 దాటితే రక్తంలో పూర్తిగా కరిగి ఉండలేదు, సూదుల్లాంటి స్ఫటికాలుగా కీళ్లలో పేరుకోవచ్చు. కాళ్ల చివర్లు చల్లగా ఉంటాయి కాబట్టి బొటనవేలితో మొదలవడం ఎక్కువ. అయినా 7.8 ఉన్న ప్రతివాళ్లకూ గౌట్ రాదు. నొప్పి లేకుండా అంకె చూసి మందులు మొదలుపెట్టాల్సిన పని సాధారణంగా ఉండదు.

బరువు ఎక్కువుంటే నెమ్మదిగా తగ్గించు. కడుపు మాడ్చుకుని ఒక్కసారిగా తగ్గితే యూరిక్ యాసిడ్ ఇంకా పెరుగుతుంది. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించుకో. బీపీకి గానీ గుండెకు గానీ మాత్రలు వాడుతుంటే వాటి పేర్లు డాక్టరుకు చూపించు, సొంతంగా మాత్రం ఆపకు. నాన్నగారు వాడే బీపీ మాత్ర ఏమిటో కూడా ఈ వారమే చూడు. అందులో నా మాత్రలో ఉన్నలాంటి థయజైడ్ మందు ఉంటే ఆయన డాక్టరును అడగండి.