గేటు బయటే ఎన్ని ఆదివారాలు?

‘మా అన్నయ్యకు 52 ఏళ్లు. ఎనిమిది నెలలుగా ప్రభుత్వ మానసిక వైద్యశాలలో ఉన్నాడు. ఇప్పుడు బాగానే ఉన్నాడు, తీసుకెళ్లండి అంటున్నారు. మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. పెళ్లయ్యేదాకా అక్కడే ఉంచమని డాక్టరుగారిని ఎలా అడగాలి? ఆదివారం అమ్మను తీసుకెళ్తాను. నేను మాత్రం గేటు బయట టీ కొట్టు దగ్గరే ఉండిపోతాను. ఆ రాత్రి తువ్వాలుతో చేతులు కట్టి ఆటో ఎక్కించింది నేనే.’ - ఒక తమ్ముడు

అడగకండి. ఇంట్లోవాళ్లు వద్దన్నారనే కారణంతో మనిషిని ఆసుపత్రిలో ఉంచేయకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. సంబంధం సంగతంటారా, ఉన్నది చెప్పి చేయండి. దాచి చేస్తే రేపు మాటలు పడేది మీ అమ్మాయే.

నన్ను ఆపింది ఆ తువ్వాలు. మీ భయం పెళ్లివారి గురించి కాదు, అన్నయ్య మొహం చూడాల్సి వస్తుందని.

అలాంటి వార్డుల్లో నేను చాలాసార్లు కూర్చున్నాను. వరసలో నిలబడి మాత్రలు వేసుకోవాలి, మింగాక నోరు తెరిచి నర్సమ్మకు చూపించాలి. బెల్టు, బ్లేడు దగ్గర ఉండనివ్వరు. సొంత బట్టలు కట్టుకోవచ్చని, బలవంతంగా గుండు చేయించకూడదని కూడా చట్టంలో రాయాల్సి వచ్చిందంటే అంతకుముందు ఆ మనుషులు ఏం పడ్డారో ఆలోచించండి. ఆదివారం పొద్దున మాత్రం తల తడిపి దువ్వుకుని ఊచల దగ్గరికి చేరతారు. ఎవరి పేరు పిలిచినా నలుగురు లేచి నిలబడతారు. మీ అన్నయ్య కూడా అమ్మ వెనకాల ఇంకెవరైనా వస్తున్నారేమోనని చూస్తూనే ఉండి ఉంటాడు.

ఈ ఆదివారం లోపలికి వెళ్లండి. ‘ఆ రాత్రి నాకు భయమేసింది అన్నయ్యా’ అనండి. తిట్టొచ్చు, మొహం తిప్పుకోవచ్చు. పడండి. అన్న దగ్గర తమ్ముడు తగ్గితే పరువేం పోదు.

తర్వాత డాక్టరుగారి దగ్గర కూర్చుని మాత్రలు ఎవరు, ఎప్పుడు ఇవ్వాలో, జబ్బు మళ్లీ వస్తుంటే ముందు ఏం కనిపిస్తుందో రాసుకోండి. చాలామందికి మొదట నిద్ర తగ్గిపోతుంది. రాత్రిపూట టెన్షన్ వస్తే 14416కి ఫోన్ చేయండి, అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్, వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు. ఇంట్లో ఇప్పుడే కుదరదనుకుంటే వేరే ఏర్పాటు అన్నయ్యతో మాట్లాడే చేయండి, ఆయన వెనకాల కాదు. ఇదంతా ముసలి తల్లి మీద వదిలేస్తే నేను ఒప్పుకోను.

వెళ్లేటప్పుడు ఆయన చొక్కా ఒకటి ఇస్త్రీ చేయించి పట్టుకెళ్లండి. బీరువాలో ఇంకా ఉండే ఉంటాయి.