నల్గొండలో 200 గజాల ఇంటికి, ప్రహరీ గోడకు ఆనించి రేకుల కారు షెడ్డు వేసుకోవచ్చా?

వద్దనే చెప్తాను. ఇంటి చుట్టూ ఖాళీగా వదలాల్సిన జాగాను సెట్‌బ్యాక్ అంటారు. 200 గజాలంటే దాదాపు 167 చదరపు మీటర్లు. 2012 నాటి బిల్డింగ్ రూల్స్, అంటే జీవో 168 ప్రకారం, 12 మీటర్ల లోపు రోడ్డున్న ఇంత ప్లాటుకు ముందు మీటరున్నర, మిగతా మూడు వైపులా మీటరు వదలాలి. సజ్జాలాంటిది కొద్దిగా ముందుకు రావచ్చు కానీ గది, షెడ్డు ఆ జాగాలోకి రాకూడదు. అసలు చిన్న కారు వెడల్పే దాదాపు మీటరున్నర ఉంటుంది, మీటరు సందులో అదెలా పడుతుంది?

"రేకులే కదా, స్లాబు కాదు" అంటారు చాలామంది. పైపులు పాతి పైకప్పు వేశాక అది కట్టడమే. మా గల్లీలో ఒకాయన ఇట్లాగే వేస్తే, మొదటి వానకే రేకుల నీళ్లన్నీ ధారగా పక్కింటి గోడ మీద పడ్డాయి. సున్నం పెచ్చులు పెచ్చులుగా ఊడింది, ఫిర్యాదు అక్కడి నుంచే మొదలైంది.

2020లో వచ్చిన టీఎస్ బీపాస్, అంటే తెలంగాణలో ఇళ్ల అనుమతుల చట్టంతో సొంత ధ్రువీకరణ మీద అనుమతి సులువైంది. అయితే ప్లానుకు భిన్నంగా కడితే నోటీసు లేకుండానే కూల్చే అధికారం కూడా అదే చట్టం ఇచ్చింది.

ఇల్లింకా కట్టలేదంటే మీ పని సులువు, కారు పోర్టికోను సెట్‌బ్యాక్ వదిలాకే ప్లానులో చూపించండి. కట్టేసి ఉంటే, ముందు మంజూరైన ప్లాను కాపీ పట్టుకుని మున్సిపల్ ఆఫీసులో టౌన్ ప్లానింగ్ వాళ్లను కలవండి. రేకులు ఆ తర్వాతే కొనండి.