మిషిగన్ చలిలో ఇంటి లోపల పోసిన మిరప నారు ఎందుకు నిలబడడం లేదు?

ముప్పై ఆరు గింజలు విత్తితే పదకొండు మొక్కలే మిగిలాయనీ, అవి కూడా వేలెడు పొడవు సాగి కిటికీ వైపు ఒరిగిపోయాయనీ, ఇప్పుడు ఏ ఎరువు వేయాలో చెప్పమనీ మీరు అడిగారు. ఎరువు సంగతి కాసేపు పక్కన పెట్టండి. నేను డెట్రాయిట్ శివారులో తొమ్మిదేళ్ళుగా ఇంటి బేస్‌మెంట్‌లో మిరప, వంగ నారు పోస్తున్నాను. మొదటి రెండేళ్ళూ ఒక్క మొక్కను కూడా పెరటిదాకా చేర్చలేకపోయాను. మనవాళ్ళ నారు చచ్చేది వ్యవసాయం తెలియక కాదు, ఊళ్ళో చూసినదాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడ చేయబోయి చస్తుందని నా గట్టి నమ్మకం.

మాది గుంటూరు జిల్లా. జూలై, ఆగస్టు నెలల్లో ఎత్తు మడుల మీద మిరప గింజలు చల్లి, పైన పలచగా గడ్డి పరచి, పొద్దునా సాయంత్రమూ రోజ్‌క్యాన్‌తో నీళ్ళు చల్లడం, మొలక కనబడగానే గడ్డి తీసేయడం చిన్నప్పటి నుంచి చూసినవాణ్ణి. ఆ ధీమాతోనే మొదటి ఏడాది మార్చిలో డెబ్భై రెండు గదుల ప్లాస్టిక్ ట్రే కొని, పెరటి తోటలకు అమ్మే మట్టిని అందులో దట్టించి, గింజలు వేసి, ట్రేతో పాటు వచ్చిన పారదర్శకమైన మూత పెట్టి, పూటపూటా మూత తీసి నీళ్ళు చిలకరించాను. దాదాపు మూడు వారాలకు మొలకలు వచ్చాయి. ఆ రాత్రి ఇంటిల్లిపాదినీ కిందికి పిలిచి చూపించాను. నాలుగో రోజు పొద్దున్నే కాఫీ కప్పుతో దిగి చూద్దును గదా, ఒక మూలనున్న పది పన్నెండు మొక్కలు పచ్చగానే ఉండి కూడా పక్కకు పడుకుని ఉన్నాయి. ఒకదాన్ని వేలితో పైకి లేపితే, మట్టిని తాకే చోట కాడ నీళ్ళు దిగి, గోధుమ రంగుకు తిరిగి, దారప్పోగులా సన్నబడి ఉంది. ఆకులకు మాత్రం తాము చచ్చిపోయిన సంగతి ఇంకా తెలిసినట్టు లేదు. సాయంత్రానికి సగం ట్రే పడిపోయింది.

ఆ రాత్రి వీడియో కాల్‌లో అమ్మకు చూపించాను. ఫోను ట్రే దగ్గరకు పెట్టమని, మూత లోపలి పక్క కారుతున్న చెమ్మను చూసి, "ఏరా, ఆ మట్టి ఎప్పుడన్నా ఎండుద్దా?" అంది. పొద్దునా సాయంత్రమూ నీళ్ళు చల్లుతున్నానని కాస్త గర్వంగానే చెప్పాను. "మన మడికి నీళ్ళు చల్లితే గంటలో ఎండా గాలీ లాగేసుద్ది. నీ గదిలో ఎవరు లాగాలి?" అంది.

ఇంతకు మించిన పాఠం తరువాత నాకు ఎక్కడా దొరకలేదు. మన రైతులు నారుకుళ్ళు తెగులు అనేది దీన్నే. పిథియం, రైజోక్టోనియా వంటి బూజు జాతి సూక్ష్మజీవులు తడి ఆరని మట్టిలో కాడ మొదలును తినేస్తాయి. ఊళ్ళో మడిని ఎత్తుగా కట్టేది, విత్తనశుద్ధి చేసేది, తెగులు కనబడితే కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందును లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున కలిపి మడి తడిపేది దీనికోసమే. ఇంట్లో మందులతో పని లేదు. పెరటి మట్టి మాని కోకోపీట్ (కొబ్బరి పొట్టు), పెర్లైట్ (తేలికైన తెల్లని రాతి గుళికలు) కలిసిన తేలికపాటి మిశ్రమం వాడండి. మొలక తల ఎత్తిన రోజే మూత తీసేయండి. పైనుంచి చిలకరించకుండా ట్రే అడుగున నీళ్ళు పోసి, అరగంట తరువాత మిగిలినవి పారబోయండి. పైమట్టి రంగు వెలిసి, ట్రే ఎత్తితే తేలికగా అనిపించేదాకా మళ్ళీ నీటి జోలికి పోవద్దు. ఒక చిన్న ఫ్యాను నారు మీదుగా మెల్లగా తిరుగుతుంటే, ఎండ చేసే పనిలో సగం అదే చేస్తుంది. అదే పనిగా తడిసే మట్టిలో ముసిరే చిన్న నల్ల దోమల బెడద కూడా ఇలా పైమట్టిని ఆరనిస్తేనే తగ్గుతుంది.

ఇక మీ మొక్కలు సాగిపోవడం వెలుతురు లోపమే తప్ప మరొకటి కాదు. దక్షిణపు కిటికీ అని మీరు ధీమాగా రాశారు కానీ, మార్చిలో ఇక్కడి మబ్బు మన శ్రావణ మాసపు ముసురును తలదన్నుతుంది. మన కంటికి వెలుగుగా కనబడేది మొక్కకు చీకటే. నాలుగు అడుగుల మామూలు తెల్ల ఎల్ఈడీ దీపాన్ని మొక్కల తలకు మూడు నాలుగు అంగుళాల ఎత్తులో వేలాడదీసి, టైమరు పెట్టి, రోజుకు పదిహేను గంటలు వెలిగించి, మొక్క పెరిగేకొద్దీ పైకి జరుపుకుంటూ పోతే చాలు. నేను ఆ దీపాలు కొనడానికి వెళ్ళినప్పుడు దుకాణంలోని కుర్రవాడు ఒక కన్ను గీటి ఎన్ని మొక్కలని అడిగాడు. ఈ రాష్ట్రంలో 2018 డిసెంబరు నుంచి పెద్దలు ఇంట్లో పన్నెండు గంజాయి మొక్కల దాకా పెంచుకోవచ్చు. మిరప నారుకని నేను ఎంత చెప్పినా అతను నమ్మలేదు, ఊదారంగు వెలుగు చిమ్మే ఖరీదైన దీపమే చూపించాడు. ఇంటర్నెట్‌లో దీపాల గురించి దొరికే సలహాల్లో చాలా భాగం ఆ పంట వాళ్ళ కోసం రాసినవే, వాటిని నమ్మి డబ్బు తగలేయకండి. మన గోగు శాస్త్రీయ నామం కూడా హైబిస్కస్ కన్నాబినస్ అనీ, ఆకు గంజాయి ఆకులా ఉంటుంది కనుకనే ఆ పేరు వచ్చిందనీ పెరట్లోని గోగును చూసి అనుమానపడే మా పక్కింటాయనకు ఏటా వేసవిలో చెప్పుకోవలసి వస్తోంది.

వేడి గురించి రెండు మాటలు. మిరప గింజకు 27 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ ఉంటే వారం పది రోజుల్లో మొలుస్తుంది. ఇక్కడి మన ఇళ్ళలో చలికాలంలో 20 డిగ్రీలకు అటూ ఇటూగానే ఉంటుంది కనుక ట్రే కింద వెచ్చని మ్యాట్ పరచి, మొలిచాక తీసేయాలి. ఫ్రిజ్ మీద పెట్టమనే వాట్సాప్ సలహా పాత ఫ్రిజ్‌ల కాలం నాటిది. అలాగే వంటింటి డబ్బాలోని ఎండుమిర్చిని విరిచి గింజలు తీసి, అవి మొలవలేదని వాపోయేవారిని చూస్తే నాకు కోపం వస్తుంది. ఏ ఏడాదివో, ఎంత వేడిలో ఎండాయో ఎవరికి తెలుసు? ఇండియా నుంచి గింజలు తెచ్చుకోవాలన్నా మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి, కాబట్టి ఇక్కడే కొనుక్కోవడం మేలు.

ఇప్పుడు మీ పదకొండు మొక్కల మాట. టమాటా అయితే కాడను బీజదళాల (మొలకకు మొట్టమొదట విచ్చుకునే రెండు ఆకుల) దాకా మట్టిలో పూడ్చినా పూడ్చిన మేరకు వేళ్ళు వేసి నిలదొక్కుకుంటుంది. మిరప ఆ విధంగా నమ్మదగినది కాదు. నాలుగైదు గట్టి మొక్కలను ఉంచుకుని, మిగిలిన గదుల్లో ఈ వారమే మళ్ళీ విత్తండి. నాటడానికి ఇంకా ఎనిమిది వారాల వ్యవధి ఉంది. బీజదళాల తరువాత వచ్చే నిజమైన ఆకులు రెండు జతలు వచ్చేదాకా ఎరువు అవసరం లేదు, ఆ తరువాత సీసా మీద రాసిన మోతాదులో నాలుగో వంతు చాలు. మే మూడో వారంలో ట్రేను మొదటి రోజు గంటసేపు నీడలో బయట పెట్టి, రోజుకు కాస్త చొప్పున ఎండకు, గాలికి అలవాటు చేసి, రాత్రులు 10 డిగ్రీల కిందికి దిగడం మానేశాక, అంటే మే చివరి సోమవారం వచ్చే మెమోరియల్ డే సెలవుల నాటికి, నేలలో నాటండి. మూడో ఏడాది నేను ఆ వారం రోజులూ ఓపిక పట్టలేక ఒక్కసారిగా ఎండలో పెట్టాను. సాయంత్రానికి ఆకులన్నీ సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి. అయినా వాటిలో ఆరు చిగురు వేసి కాశాయి, అక్టోబరు మొదట్లో మంచు పడేలోపు రెండు సీసాల పచ్చిమిర్చి పచ్చడికి సరిపోయాయి.