ఎవరో పైలట్ పోతే మావాడు ఇంతగా కుమిలిపోతున్నాడు

విశాఖ నుంచి ఒక తల్లి రాశారు, పేరు వద్దన్నారు. అబ్బాయికి పదిహేడేళ్లు, ఇంటర్ రెండో ఏడాది ఎంపీసీ. ఫైటర్ పైలట్ అవుతానని చాన్నాళ్లుగా ఎన్డీఏ (సైన్యానికి అధికారులను తయారుచేసే నేషనల్ డిఫెన్స్ అకాడమీ) జపం చేస్తున్నాడు. దుబాయ్ ఎయిర్ షోలో మన తేజస్ యుద్ధవిమానం కూలి వింగ్ కమాండర్ నమాంశ్ స్యాల్ చనిపోయినప్పటి నుంచి ఫోన్‌లో ఆ వీడియో తప్ప వేరే ధ్యాస లేదట. డీపీలో ఆయన ఫొటోనే. తిండి సగానికి తగ్గింది, రాత్రుళ్లు ఏడుస్తున్నాడు. తండ్రేమో చుట్టాల ముందు "ఎవరో పోతే మావాడికి మైలపట్టింది" అని నవ్వేశారు. ఉత్తరం చివర్లో ఆవిడ అడిగింది ఇది: "నిజం చెప్పాలంటే నాకు లోపల కాస్త ఊరటగా ఉంది. ఈ దెబ్బతో వాడి ఎన్డీఏ పిచ్చి వదిలించేయొచ్చా?"

అమ్మా, దాచుకోకుండా అడిగారు కాబట్టి నేనూ నేరుగానే చెప్తాను. ఊరట కలగడంలో తప్పేం లేదు, కన్నతల్లికి కలక్కపోతేనే ఆశ్చర్యం. కానీ దాన్ని ఇప్పుడు వాడి మీద ప్రయోగించకండి. "చూశావా, నేను ముందే చెప్పలేదూ" అన్న మాట మీ నోటి నుంచి వచ్చిందంటే ఆ పిల్లాడు ఇక మీ దగ్గర ఏడవడు, అంతే.

ముందు మీవారి మాట సంగతి. చుట్టరికం ఉంటేనే ఏడవాలని రూలేం లేదు. 2025 నవంబర్ 21న ఆ ప్రమాదం జరిగాక కాసేపటికే షో మళ్లీ మొదలైంది, అయితే అమెరికా ఎఫ్-16 ప్రదర్శన బృందం మాత్రం తమ ఆఖరి ప్రదర్శన మానుకుంది. వాళ్లది వేరే దేశం, వేరే సైన్యం, అయినా మనసొప్పలేదు. హిమాచల్‌లోని కాంగ్రా జిల్లాలో నమాంశ్ సొంతూరికి జనం ఎలా తరలివచ్చారో, ఎయిర్‌ఫోర్స్ అధికారే అయిన ఆయన భార్య యూనిఫాంలో నిలబడి ఎలా సెల్యూట్ చేశారో మీరూ టీవీలో చూసే ఉంటారు. నాకు తెలిసి మీవారు కూడా అది చూసి ఒక్క క్షణం గొంతు పట్టేసినట్టయి చానల్ మార్చి ఉంటారు. మగవాళ్ల జోకుల వెనక చాలాసార్లు ఉండేది అదే. ఆయనతో గొడవ పెట్టుకోవద్దు, చుట్టాల ముందు మాత్రం ఆ మాట ఇంకోసారి అనొద్దని విడిగా చెప్పండి.

ఇక మీ అబ్బాయి. వాడు ఏడుస్తున్నది పోయినాయన కోసమే అయినా, అందులో ఇంకోటి కలిసి ఉండొచ్చని నా అనుమానం: భయం. కాలేజీలో అందరికీ పైలట్ అవుతానని చెప్పుకున్నాడు. ఇప్పుడు వాడి చుట్టూ ర్యాలీలు, స్టేటస్‌లు, "వీరమరణం", "నీ త్యాగం మరువం". వాటిని తప్పుపట్టడం లేదు, ఆ గౌరవానికి ఆయన అర్హుడే. కానీ అందరూ అంత పెద్ద మాటలు మాట్లాడుతుంటే పదిహేడేళ్ల వాడు "నాకు భయమేసింది" అని ఎవరితో చెప్పుకుంటాడు? చెబితే పిరికివాడంటారు, మీతో చెబితే అదే సాకుగా ఎన్డీఏ మాన్పిస్తారు. అందుకే డీపీ పెట్టుకుని బాత్రూంలో ఏడుస్తున్నాడేమో.

ఆ వీడియో మాత్రం ఆపించాలి. ఫోన్ లాక్కుంటే ఇంకోడి ఫోన్‌లో చూస్తాడు కాబట్టి పక్కన కూర్చుని మాట్లాడండి. కొడుకు షో వీడియోల కోసం యూట్యూబ్‌లో వెతుకుతుంటే ప్రమాద వార్త కంటపడిందని ఆ పైలట్ తండ్రే విలేకరులతో చెప్పారు. ఆ ఒక్క విషయం వాడితో చెప్పి చూడండి, ఆ వీడియో చూడటం, ఫార్వర్డ్ చేయడం వాడే మానేస్తాడు. పైగా ఇలాంటి దృశ్యాలు అదేపనిగా చూడటం ఒంటికీ మనసుకీ మంచిది కాదు. 2013 బోస్టన్ మారథాన్ పేలుళ్ల తర్వాత జరిగిన ఒక అధ్యయనంలో, రోజుకు ఆరు గంటలు, అంతకు మించి ఆ వార్తలే చూసినవాళ్లలో అక్కడే ఉన్నవాళ్లకంటే ఎక్కువ టెన్షన్ లక్షణాలు కనిపించాయి.

ప్రమాదం గురించి అడిగితే అబద్ధాలు చెప్పకండి. "ఏం కాదులే నాన్నా" అంటే వాడు నమ్మడు, మీకంటే వాడికే ఎక్కువ తెలుసు. 2010 మార్చి 3న బేగంపేటలో ఎయిర్ షో మొదటిరోజే నేవీ విన్యాసాల బృందం సాగర్ పవన్‌లోని ఒక కిరణ్ విమానం న్యూబోయినపల్లిలో ఇళ్ల మధ్య కూలి, కమాండర్ మౌర్య, లెఫ్టినెంట్ కమాండర్ రాహుల్ నాయర్ చనిపోయారు. విన్యాసాలు నేలకు దగ్గరగా చేస్తారు, తేడా వస్తే సర్దుకోవడానికి టైముండదు. ఇదొక వైపు. ఇంకో వైపు, 2024 మార్చిలో జైసల్మేర్ దగ్గర తేజస్ కూలినప్పుడు పైలట్ క్షేమంగా బయటపడ్డారు. ఎన్డీఏలో చేరిన ప్రతివాడూ ఫైటర్ పైలట్ కాడు, ఫైటర్ పైలట్లలోనూ ఎయిర్ షోలో ఎగిరేది అతి కొద్దిమంది, అదీ ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లు. రెండూ చెప్పండి. దుబాయ్‌లో ఎందుకు కూలిందన్న దానిమీద మాత్రం ఎయిర్‌ఫోర్స్ కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ వేసింది, యూట్యూబ్ పండితుల మాటలు ఇంట్లోకి రానివ్వకండి.

వాడితో ఏమనాలో తెలియకపోతే ఇలా అనండి: "నువ్వు పైలట్ అవుతానంటే నాకు భయమేరా, ఎప్పట్నుంచో భయమే. అయినా అప్లై చెయ్యాలా వద్దా అన్నది ఈ నెల మాట్లాడుకోవద్దు. నీకు భయమేస్తే నాతో చెప్పు, దాన్ని పట్టుకుని నిన్ను ఆపను." చివరి ముక్క అన్నాక నిలబెట్టుకోవాలి మరి, అదే మీకు కష్టం. యూపీఎస్సీ ఎన్డీఏ పరీక్ష ఏడాదికి రెండుసార్లు పెడుతుంది, వయసు పందొమ్మిదిన్నర దాకా ఉంది, కొంపలేం మునిగిపోవు. మనసు మార్చుకుంటే అది వాడి నిర్ణయం అవ్వాలి, ఒక మనిషి చావు చూపించి అమ్మ మాన్పించింది అన్న మాట మీ ఇద్దరి మధ్యా ఉండిపోకూడదు.

ఇంకో రెండు వారాలకి కూడా నిద్ర పట్టకపోయినా, తిండి, కాలేజీ మానేసినా, బతకడం అనవసరం లాంటి మాట ఒక్కసారి అన్నా ఆగకండి, చినవాల్తేరు మానసిక వైద్యశాలకు తీసుకెళ్లండి. లేదంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. వాడు మాట్లాడనంటే ముందు మీరే మాట్లాడండి.