ఒక్కో బీచ్‌కి ఒక్కో ఫోర్స్: నార్మండీలో ఓడల ఏర్పాటు

వేల ఓడలు ఒకేసారి ఒడ్డు మీదికి దాడికి వెళ్తే గందరగోళం కాకుండా నౌకాదళాన్ని ఎలా విభజించేవారని అడిగారు. నేను నేవీ మనిషిని కాను. వైజాగ్ ఆర్కే బీచ్‌లో నేవీ డే విన్యాసాలు చూస్తూ పెరిగాను, తర్వాత చదువు కోసం రెండేళ్ళు ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మత్‌లో ఉన్నాను. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల చేతిలో ఉన్న ఫ్రాన్స్ తీరం నార్మండీ మీద 1944 జూన్ 6న బ్రిటన్, అమెరికా వాళ్ళు చేసిన దాడికి అది ముఖ్యమైన రేవు. అందుకే ఆ ఉదాహరణే చెప్తాను.

ఓడలు, పడవలు అన్నీ కలిపి దాదాపు 7,000. అన్నిటి మీదా బ్రిటిష్ అడ్మిరల్ బెర్ట్రామ్ రామ్సే. ఆయన కింద రెండు టాస్క్‌ఫోర్సులు (పెద్ద ఓడల దళాలు): పడమర అమెరికన్లది, తూర్పున బ్రిటిష్‌వాళ్ళది. అసలు కిటుకు ఆ కింది మెట్టులో ఉంది. దిగాల్సిన ఐదు బీచ్‌లకు రహస్య పేర్లు పెట్టి, ఒక్కోదానికి ఒక్కో ఫోర్సు, అంటే ఓడల దళం, ఇచ్చారు. యూటాకి ‘యు’, ఒమాహాకి ‘ఓ’, గోల్డ్‌కి ‘జి’, జూనోకి ‘జె’, స్వోర్డ్‌కి ‘ఎస్’. పేరు వింటే చాలు, ఎవరు ఎక్కడికో తెలిసిపోతుంది. సైనికుల ఓడలు, ఒడ్డు మీద గుళ్ళు కురిపించే యుద్ధనౌకలు, రేడియోలతో నిండిన ఒక హెడ్‌క్వార్టర్స్ ఓడ, ఇలా ఎవరివి వాళ్ళకే. నేవీ కమాండర్, ఆర్మీ జనరల్ ఆ ఓడలోనే కలిసి ఉండేవారు. జనరల్ ఒడ్డున కుదురుకునేదాకా పెత్తనం నేవీదే.

దారులు కూడా పంచేశారు. మైన్‌స్వీపర్లు (సముద్రంలో పెట్టిన మందుపాతరలు ఏరేసే ఓడలు) ముందు వెళ్ళి పది దారులు శుభ్రం చేశాయి. ఫోర్సుకి రెండు: వేగంగా వెళ్ళేవాటికొకటి, నెమ్మదివాటికొకటి. మన హైవేలో లారీల లేన్ లాగే (వాళ్ళు మాత్రం పాటించారు!). ఆటుపోట్లు ఒక్కోచోట ఒక్కో వేళకి కాబట్టి దిగే టైమూ వేరే. అమెరికన్ బీచ్‌లు యూటా, ఒమాహాలలో ఉదయం 6:30కి, గోల్డ్, స్వోర్డ్‌లలో దాదాపు గంట తర్వాత.

పోర్ట్స్‌మత్‌లోనే సౌత్‌సీ అనే చోట మ్యూజియం బయట ఎల్‌సీటీ 7074 అనే ట్యాంకుల పడవ ఉంది. పది ట్యాంకులతో గోల్డ్ బీచ్‌కి వెళ్ళొచ్చినది. యుద్ధం తర్వాత నైట్‌క్లబ్ అయింది, ఆ తర్వాత రేవులోనే మునిగింది, పైకి తీసి బాగుచేశారు. లోపల నిలబడితే గోడల మధ్య పొడుగాటి ఇనుప తొట్టిలో ఉన్నట్టుంటుంది, ముందున్న తలుపు కిందికి వాలుతుంది. అడుగు చదును, అందుకే ఇసుక మీదికి ఎక్కేస్తుంది. కెరటాల్లో కుదుపు కూడా అందుకే. అది చూశాకే లోడింగ్ సంగతి బుర్రకెక్కింది. పెళ్ళి సామాను లారీకెక్కించేటప్పుడు వంటపాత్రలు చివర్లో పెడతాం కదా, అక్కడ ముందు దిగాల్సింది అవే కాబట్టి. ఇక్కడా అంతే, ఒడ్డున ముందు పోరాడాల్సింది తలుపు దగ్గర ఉండాలి.

ఇంత ప్లాన్ చేసినా యూటాలో దారి చూపే పడవలు కొన్ని పోయాయి, ప్రవాహం నెట్టేసింది. మొదటి దళం దాదాపు రెండు కిలోమీటర్లు దక్షిణంగా దిగింది. అదృష్టం, అక్కడ జర్మన్ల కాపలా పల్చగా ఉంది. వెనక వస్తున్నవాళ్ళని కూడా అక్కడికే రప్పించారు.